ఆబిడ్స్ రోడ్డు మీద సోషల్ క్లాసు

మన టెన్త్ బ్యాచ్ మళ్ళ కలుస్తున్నం కద, ఆ కమిటీ వాళ్ళు ఫోన్ మీద ఫోన్, స్కూల్ గురించి ఏదో ఒకటి రాయమని. ఎనిమిది, తొమ్మిది క్లాసులు ఎట్ల గడిచినయో నిజంగ యాదికి లేదు, టెన్త్‌ల కూడ సోషల్ సార్ తప్ప ఏం లేదు. అందుకే నన్నూ, లంబూనీ, బొండాంగాడినీ సార్ క్విజ్ పోటీకి తీసుకపోయిన రోజు సంగతే రాస్తున్న.

సెకండ్ ప్రైజ్ వంద రూపాయలు కద (ఫస్ట్ ఎందుకు రాలేదో లంబూనే అడగండి, ఆ వోల్గా ప్రశ్న కథ నేను చెప్ప). సార్ ఆ నోటు జేబుల పెట్టుకొని, "ఇది ఇంటికి పోతే మీ అమ్మలు బియ్యం కొంటరు, పదండ్రా తిందాం" అన్నడు. రూల్ ఒక్కటే, ఒక హోటల్ల ఒకటే తినాలె, అక్కడ ఏది బాగుంటదో అదే. తాజ్‌మహల్ హోటల్ల ఇడ్లీ సాంబార్. బొండాంగాడు దోశ అడిగితే సార్ చూసిన చూపు యాదుందా? ఇడ్లీ సాంబార్ల మునిగిపోయే దాకా పోయించుకున్నం, ఆయన కూడ మాతోని పోటీ పడి పోయించుకున్నడు.

అక్కడినుంచి జీపీఓ, అంటే పెద్ద పోస్టాఫీసు దాకా నడక. రామకృష్ణ టాకీస్‌ల మ్యాట్నీ వదిలిన్రు, రోడ్డంత జనం, ఆ తోపులాటల్నే సార్ పాఠం, ఆబిడ్ అంటే ఆరో నిజాం దగ్గర పనిచేసిన అర్మేనియన్ అనీ, ఆయన దుకాణం ఇక్కడుండేదనీ, పేరు అట్లనే మిగిలిందనీ. సగం హార్న్‌లల్ల పోయింది. గ్రాండ్ అనే ఇరానీ హోటల్ల చాయ్ చెప్పి, కూసోనియ్యకుండ కౌంటర్ దగ్గరికి గుంజుకపోయిండు. దికాషన్ వేరే, చిక్కగ మరిగిన పాలు వేరే, రెండూ కప్పుల్నే కలుస్తయి, చూడండి అని. ఉస్మానియా బిస్కట్ నేను ఎక్కువసేపు ముంచిన, అది సాసర్ల పడ్డది, 'బిస్కట్' అన్న పేరు నన్నింక వదల్లే.

ఆఖరికి మొజంజాహీ మార్కెట్ల సీతాఫలం ఐస్‌క్రీమ్. "ఈ మార్కెటూ, ఆ ఇరానీ హోటలూ ఒకే ఏడు, 1935, పరీక్షల రాదు కానీ రాసుకోండి" అన్నడు. నేను రాసుకున్న, బస్ టికెట్ వెనక.

ఇప్పుడు నా ఆఫీసు ఆ రోడ్డు మీదనే, బోర్డు మీద పేరు పక్కన సీఏ అని ఉంటది. టెన్త్ లెక్కలల్ల ముప్పై ఎనిమిది వచ్చినోడే. లెక్కల మేడం నమ్మకపోతే బోర్డు ఫొటో పంపుత. రిటర్న్‌ల సీజన్ అయినంక ఆఫీసు పిల్లలని అదే రూట్ల తిప్పుత, అదే రూల్, బిల్లు మాత్రం నాదే. వాళ్ళకు బిర్యానీ కావాలె పాపం, మొహాలు మాడ్చుకొని ఇడ్లీ తింటరు.

సార్‌ని మనం కలిసే రోజు ఎవరన్న కార్ల తీసుకరండి, మోకాళ్ళు బాగలేవంట. లంచ్ ఎక్కువ తినకండి, నాలుగింటికి మార్కెట్ దగ్గర కలుద్దాం. లంబూ, నీ ఐస్‌క్రీమ్ పైసలు నువ్వే తెచ్చుకో.