ఎల్ వాడో కట్టించినవాడూ బయటినుంచి వచ్చినవాడే

అమెరికాలో, న్యూమెక్సికో రాష్ట్రంలోని అల్బుకర్కీలో సెంట్రల్ అవెన్యూ మీది ఒక పాత మోటెల్‌కి ఎస్టిమేట్ వేయమన్నారు. మేనేజర్ అడిగినట్టే రిపేరు ఖర్చూ, కూల్చివేత ఖర్చూ రెండూ రాసిచ్చాను. అది చూసి మా ఆఫీసులో పెద్దావిడ ఒకరు అందరి ముందే, "మీ దేశంలో వెయ్యేళ్ల గుళ్లుంటాయి కదా, 80 ఏళ్ల మోటెల్ మీ కంటికి ఆనదులే" అన్నారు. ఆ మాట మనసులోంచి పోవట్లేదు.

ఈ రోడ్డు మీద నేను కారాపి మరీ చూసేది ఎల్ వాడో మోటెల్‌ని. పాతకాలపు పెద్ద హైవే రూట్ 66ని ఇటు మళ్లించిన 1937లోనే కట్టారు. ఇక్కడి ప్యూబ్లో ఆదివాసుల మట్టి ఇళ్ల పద్ధతిలో ఎగుడుదిగుడు గోడ అంచులు, బయటికి పొడుచుకొచ్చిన దూలాలు, మధ్యలో వాకిలి, అటూ ఇటూ గదుల వరసలు. గదుల మధ్యలో కారు పెట్టుకోడానికి కప్పున్న చోటు, నాకు బాగా నచ్చేది అదే. మనవాళ్లు ఎడ్లబండి పక్కనే విప్పుకుని సత్రంలో నడుం వాల్చినట్టు, రోజంతా డ్రైవ్ చేసొచ్చిన మనిషి తలుపు తీస్తే తన బండి కళ్లెదుటే. అప్పటి ప్రయాణం ఎలా ఉండేదో ప్లాను చూస్తేనే తెలిసిపోతుంది.

తర్వాత ఐ-40 అనే కొత్త పెద్ద హైవే వచ్చి బేరమంతా పట్టుకుపోయింది. 2005లో మూతపడ్డాక ఓనరు కూల్చేస్తానంటే నగరం అడ్డుపడి చివరికి తనే తీసుకుంది, 2018లో మళ్లీ తెరిచారు. ఇదే రోడ్డు మీది డి ఆంజా మోటెల్‌కి ఆ అదృష్టం లేదు. చాలావరకు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టారు, నేలమాళిగలో జూనీ తెగ చిత్రకారుడు వేసిన గోడబొమ్మలు మాత్రం దక్కాయి.

ఎల్ వాడో కట్టించిన డానియెల్ మర్ఫీ ఐర్లండ్ నుంచి వచ్చినవాడు. తర్వాత దేశమంతటా బేరం పడిపోయిన ఇలాంటి మోటెళ్లని కొని, ఇంటిల్లిపాదీ అక్కడే ఉంటూ, దుప్పట్లుతికి, రాత్రిళ్లు డెస్కులో కూర్చుని నడిపినవాళ్లలో ఎంతమంది గుజరాతీలో! వాళ్లు తలుపులు మూయలేదు కాబట్టే ఇవాళ కాపాడుకుందాం అనడానికి కొన్నైనా మిగిలాయి. బయటివాళ్లకి విలువ తెలీదంటే ఎలా?

ఆవిడ కోపం నాకర్థం కాక కాదు. మా వైపు పాత సత్రాలు పడగొట్టి కాంప్లెక్సులు లేపుతుంటే నాకూ కడుపు మండుతుంది. కానీ రిపేరు లెక్క కింద నేను రాసిన లైను ఆవిడ చదివినట్టు లేదు: ఈ మోటెల్‌ని చారిత్రక కట్టడాల జాబితా అయిన నేషనల్ రిజిస్టర్‌లో చేర్చగలిగి, వాళ్ల నిబంధనల ప్రకారం బాగుచేస్తే ఖర్చులో 20 శాతం ఫెడరల్ పన్నులో తగ్గుతుంది, కనుక్కోండి అని. కూల్చాలనుకునేవాడు ఆ లైను ఎందుకు రాస్తాడు?