పింగ్ చెప్పే మాటలు: చుక్క, ‘యు’, ఆశ్చర్యార్థకం (ల్యాబ్ నమోదు)

పింగ్ అంటే అవతలి మెషీన్ జవాబిస్తుందో లేదో చూడటానికి చిన్న ప్యాకెట్ పంపే ఆదేశం. ల్యాబ్ చిన్నదే. జీఎన్ఎస్3 (అసలు పరికరాలు లేకుండా కంప్యూటర్‌లోనే నెట్‌వర్క్ నడిపే సాఫ్ట్‌వేర్)లో రెండు సిస్కో రౌటర్లు (ఆర్1, ఆర్2), ఆర్1 వెనక ఒక లినక్స్ మెషీన్, ఆర్2 వెనక ఒక విండోస్ మెషీన్. కావాలని ఒక్కోచోట చెడగొట్టి, ఏ లోపానికి ఏ గుర్తు వస్తుందో రాసుకోవడమే పని. విండోస్ ఫైర్‌వాల్ బయటినుంచి వచ్చే పింగ్‌ను మామూలుగా ఆపేస్తుంది. ఇన్‌బౌండ్ రూల్స్‌లో ఐసీఎంపీవీ4 ఎకో రిక్వెస్ట్‌ను (పింగ్ పంపే ప్రశ్న; ఐసీఎంపీ అంటే నెట్‌వర్క్ పరికరాలు లోపాలు, జవాబులు చెప్పుకునే ప్రోటోకాల్) ముందే అనుమతించకపోతే మిగతా పరీక్షలన్నీ తప్పుదారి పడతాయి.

1వ వారం: సిస్కో గుర్తులు

ఐఓఎస్ (సిస్కో రౌటర్ల ఆపరేటింగ్ సిస్టమ్)లో పింగ్ కొడితే 100 బైట్ల ప్యాకెట్లు 5 వెళ్తాయి, ఒక్కోదానికి 2 సెకన్ల గడువు. ‘!’ అంటే జవాబు వచ్చింది. చుక్క అంటే గడువులోపు ఏమీ రాలేదు. ‘యు’ అంటే గమ్యానికి చేర్చలేనని ఎవరో ఐసీఎంపీ సందేశం పంపారు. ‘ఎం’ అంటే ప్యాకెట్ పెద్దదైంది, ముక్కలు చేయడానికి అనుమతి లేదు.

రౌటర్లు ఆన్ చేశాక ఆర్1 నుంచి ఆర్2కి మొదటి పింగ్: ‘.!!!!’, 80 శాతం (4/5). ఇది లోపం కాదు. అవతలివారి మ్యాక్ అడ్రస్ (హార్డ్‌వేర్ చిరునామా) కోసం ఏఆర్‌పీ (ఐపీ అడ్రస్‌ను బట్టి ఆ చిరునామా కనుక్కునే పద్ధతి) అడుగుతున్న సమయంలో మొదటి ప్యాకెట్ పోయింది. ఆర్2 దాటి విండోస్ మెషీన్‌కి కొడితే రెండు చోట్లా ఏఆర్‌పీ జరగాలి కాబట్టి ‘..!!!’ రావచ్చు. వెంటనే రెండోసారి కొట్టినా చుక్క ఉంటే అప్పుడు వెతకాలి.

తర్వాత ఆర్2కి తెలియని నెట్‌వర్క్‌కి ఆర్1 నుంచి పింగ్: ‘యుయుయుయుయు’. అసలు రౌటర్ మీద ఇదే పరీక్షకు ‘యు.యు.యు’ కనిపిస్తుంది. లింకు ఒకసారి పనిచేసి ఒకసారి మానేస్తోందని చాలామంది పొరబడేది ఇక్కడే. ఐఓఎస్ ఇలాంటి సందేశాలను 500 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పునే పంపుతుంది. మొదటి ‘యు’ రాగానే రెండో ప్యాకెట్ బయల్దేరుతుంది, దానికి సందేశం దక్కదు, 2 సెకన్లు ఆగి చుక్క పడుతుంది. జీఎన్ఎస్3 ఇచ్చే మొదటి కాన్ఫిగరేషన్‌లో ఈ పరిమితిని తీసేసి ఉంచుతారు, అందుకే తేడా. ఆర్2లో ‘ఐపీ ఐసీఎంపీ రేట్-లిమిట్ అన్‌రీచబుల్ 500’ పెట్టగానే ‘యు.యు.యు’ వచ్చేసింది.

అయిదూ చుక్కలే అయితే కష్టం. ఆర్1లోనే రూట్ లేకపోయినా చుక్కలే, ఆర్2కి తిరుగుదారి తెలియకపోయినా చుక్కలే. ముందు ‘షో ఐపీ రూట్’ (రౌటర్‌కి తెలిసిన దారుల పట్టిక) చూసి, తర్వాత ఎక్స్‌టెండెడ్ పింగ్‌లో సోర్స్ (పంపే అడ్రస్) మార్చి కొట్టాలి. ఒక సోర్స్‌తో వెళ్లి మరో సోర్స్‌తో పోకపోతే తిరుగుదారినే అనుమానించాలి.

2వ వారం: లినక్స్, విండోస్

అదే ల్యాన్‌లో లేని అడ్రస్‌కి లినక్స్ నుంచి కొడితే ‘డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్’ వస్తుంది. ఆ వరుస మొదట్లో ‘ఫ్రమ్’ పక్కన ఉన్న అడ్రస్ చూడాలి. అది మన సొంత అడ్రస్సే అయితే ఏఆర్‌పీకి జవాబు రాలేదని అర్థం, ప్యాకెట్ బయటికే పోలేదు. రౌటర్ అడ్రస్ అయితే అక్కడిదాకా దారి బాగానే ఉంది. ఎవరు చెప్పారన్నది ఏం చెప్పారన్నదానికన్నా ముఖ్యం.

విండోస్‌లో ఇదే లోపానికి ‘రిప్లై ఫ్రమ్’ అని మొదలుపెట్టి, చివర్లో లాస్ 0 శాతం అని లెక్క కడుతుంది. ఎర్రర్‌లెవెల్ (ఆదేశం ముగిశాక ఇచ్చే ఫలితం అంకె) కూడా 0. బ్యాచ్ ఫైల్ ఈ అంకెను నమ్మితే చచ్చిన మెషీన్ బతికున్నట్టే. అవుట్‌పుట్‌లో ‘టీటీఎల్=’ (నిజమైన జవాబులోనే ఉంటుంది) ఉందో లేదో వెతకడం మేలు. లినక్స్ ఎగ్జిట్ కోడ్ నికార్సయినది: కనీసం ఒక జవాబు వస్తే 0, ఒక్కటీ రాకపోతే 1, పేరు దొరకకపోవడం వంటి ఇతర లోపాలకు 2.

లినక్స్ ఐపీటేబుల్స్ (ఫైర్‌వాల్)లో ‘డ్రాప్’ పెడితే అవతల మౌనం. ‘రిజెక్ట్’ పెడితే, వేరే రకం చెప్పనంతవరకు, ‘డెస్టినేషన్ పోర్ట్ అన్‌రీచబుల్’. పింగ్‌కి పోర్టే లేదు కదా అని తికమకపడక్కర్లేదు, అది ఫైర్‌వాల్ మాట.

3వ వారం: ఎంటీయూ, ట్రేస్‌రూట్

ఎంటీయూ (ఒక లింకు మీద ముక్కలు చేయకుండా వెళ్లగల ప్యాకెట్ గరిష్ఠ సైజు, బైట్లలో) 1500 అయితే పింగ్ డేటా గరిష్ఠం 1472 (ఐపీ హెడర్ 20, ఐసీఎంపీ హెడర్ 8). పీపీపీఓఈ (కొన్ని బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు వాడే పద్ధతి) లింకుల్లో ఎంటీయూ 1492, కాబట్టి 1464. ఆర్1, ఆర్2 మధ్య ఎంటీయూ 1492 చేసి, లినక్స్‌లో ‘-ఎం డూ -ఎస్ 1472’ (ఎం పెద్దక్షరం, ఎస్ చిన్నది), విండోస్‌లో ‘-ఎఫ్ -ఎల్ 1472’ ఇచ్చాం, అంటే ముక్కలు చేయకుండా 1472 బైట్లు పంపమని. లినక్స్‌లో మొదటి ప్యాకెట్‌కి రౌటర్ నుంచి ‘ఫ్రాగ్ నీడెడ్’ వచ్చింది. ఆ తర్వాతివాటికి ‘మెసేజ్ టూ లాంగ్’ అని మెషీనే చెప్పేసింది, ఎందుకంటే కెర్నల్ ఆ ఎంటీయూను గుర్తుపెట్టుకుంది. పరీక్ష మళ్లీ మొదటినుంచి చేయాలంటే ‘ఐపీ రూట్ ఫ్లష్ క్యాష్’ కొట్టాలి. చిన్న పింగ్ పోయి పెద్దది ఏ సందేశమూ లేకుండా మాయమైతే, దారిలో ఎవరో ‘ఫ్రాగ్ నీడెడ్’ సందేశాలను ఆపేసి ఉండే అవకాశం ఎక్కువ. వెబ్‌పేజీలు సగంలో ఆగిపోవడానికి ఇదొక కారణం.

లినక్స్ ట్రేస్‌రూట్ (గమ్యం దాకా దారిలోని రౌటర్లను వరసగా చూపే ఆదేశం) యూడీపీ పోర్ట్ 33434 నుంచి మొదలుపెడుతుంది. గమ్యం ‘పోర్ట్ అన్‌రీచబుల్’ (ఐసీఎంపీ సందేశం ఏ రకమో చెప్పే అంకెలు: టైప్ 3, కోడ్ 3) అంటేనే అది చేరినట్టు. మధ్యలో నక్షత్రాలు (జవాబు రాలేదని గుర్తు) పడి, తర్వాతి హాప్‌లు (దారిలోని రౌటర్లు) వస్తుంటే పట్టించుకోనక్కర్లేదు. గమ్యం దాకా నక్షత్రాలే అయితే ‘-ఐ’ (పెద్దక్షరం) పెట్టి ఐసీఎంపీతో ప్రయత్నించాలి. మా విండోస్ మెషీన్ అలాగే దొరికింది. ‘!హెచ్’ హోస్ట్, ‘!ఎన్’ నెట్‌వర్క్ చేరలేదని.

ఆర్2 మీద ఏసీఎల్ (ఏ ప్యాకెట్‌ను వదలాలో, ఏది ఆపాలో చెప్పే జాబితా)తో ఆపితే వెళ్లేది టైప్ 3, కోడ్ 13. దాన్నే లినక్స్ ట్రేస్‌రూట్ ‘!ఎక్స్’ అంటుంది, సిస్కో ట్రేస్‌రూట్ ‘!ఏ’ అంటుంది, లినక్స్ పింగ్ ‘ప్యాకెట్ ఫిల్టర్డ్’ అంటుంది, సిస్కో పింగ్ వట్టి ‘యు’తో సరిపెడుతుంది. అనుమానమొస్తే టీసీపీడంప్ (వచ్చిపోయే ప్యాకెట్లను చూపే సాధనం)లో టైప్, కోడ్ అంకెలు చూడటమే.

మిగిలిన పని: ఐపీవీ6. అక్కడ టైప్ 1లో కోడ్ 1 అంటే ఫిల్టర్, 3 అంటే అడ్రస్ అందలేదు, 4 అంటే పోర్ట్. ప్యాకెట్ పెద్దదైతే టైప్ 2. పట్టిక వేరేగా రాయాలి.