క్యాంటీన్ టేబుల్ మీది పేపర్

లివర్‌పూల్ వచ్చిన రెండో నెలలో జరిగిన ఒక విషయం గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. కోవెంట్రీలో ఫ్రెండ్ దగ్గరికి వెళ్లి, పొద్దున్నే రైలెక్కే ముందు స్టేషన్‌లో ‘సన్’ అనే టాబ్లాయిడ్ పేపర్ కొని, అది పట్టుకుని నేరుగా కేర్ హోమ్‌కి డ్యూటీకి వచ్చేశాను. స్టాఫ్ రూమ్ టేబుల్ మీద పెట్టాను. మా సీనియర్ కేరర్, యాభై దాటిన ఆవిడ, ఏమీ అనకుండా దాన్ని తీసుకెళ్లి చెత్తబుట్టలో వేసింది. కాసేపటికి రెండు కప్పుల్లో టీ తెచ్చి నా పక్కన కూర్చుని, నీకు తెలియక తెచ్చావులే అని మొదలుపెట్టి మొత్తం చెప్పింది.

1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో లివర్‌పూల్ జట్టు ఫుట్‌బాల్ మ్యాచ్ చూడ్డానికి వెళ్లిన జనం కంచెల మధ్య నలిగిపోయారు. మొత్తం 97 మంది పోయారు. నాలుగు రోజుల తర్వాత సన్ పేపర్ ‘నిజం’ అని పెద్ద హెడ్డింగ్ పెట్టి, అభిమానులే చనిపోయినవాళ్ల జేబులు కొట్టారని, పోలీసుల మీద మూత్రం పోశారని మొదటి పేజీలో వేసింది. అది అబద్ధం. 2012లో స్వతంత్ర కమిటీ రిపోర్టు వచ్చాకే ఆ పేపర్ మొదటి పేజీలో క్షమాపణ వేసింది, 2016లో జ్యూరీ అభిమానుల తప్పేమీ లేదని తేల్చింది. అప్పటికి 27 ఏళ్లు. ఆవిడ అన్నయ్య ఆ రోజు ఆ మ్యాచ్‌కి వెళ్లి ప్రాణాలతో తిరిగొచ్చాడట. తర్వాత వేరే ఊరికి పనికి పోతే అక్కడివాళ్లు ‘ఎవరి జేబు కొట్టావు’ అని అడిగారట. ఇది చెప్పేటప్పుడు ఆవిడ గొంతు వణికింది. ఈ ఊళ్లో ఇప్పటికీ చాలా షాపుల్లో ఆ పేపర్ దొరకదు.

నేను ఆ పేపర్ ఎందుకు కొన్నానో చెప్పాలి. 2021లో చదువుకోవడానికి కోవెంట్రీ వచ్చినప్పుడు వారానికి 20 గంటలు ఒక గోడౌన్‌లో పికింగ్ పని, అంటే ఆర్డర్ల ప్రకారం సరుకు ఏరే పని, చేసేవాణ్ని. అరగంట బ్రేక్. క్యాంటీన్ టేబుల్ మీద రోజూ సన్ పేపర్ ఉండేది, ఎవరు కొనేవారో కూడా తెలియదు. ఒకాయన వెనక పేజీల ఫుట్‌బాల్ లాక్కునేవాడు, ఇంకొకాయన గుర్రప్పందాల పేజీ. ప్యాకింగ్‌లో ఉండే ఆవిడ తొమ్మిదిన్నర పౌండ్ల హాలిడే కూపన్లు కత్తిరించి పర్సులో దాచుకునేది, పిల్లల్ని సముద్రం ఒడ్డున క్యారవాన్ పార్క్‌కి తీసుకెళ్లడానికి ఆవిడకి ఉన్న దారి అదొక్కటే. కష్టాలు చెప్పుకుంటూ పాఠకులు రాసే ఉత్తరాల పేజీని ఒకరు గట్టిగా చదివితే అందరూ తీర్పులు చెప్పేవాళ్లు. నాకు ఇంగ్లిష్ వచ్చిందనుకునేవాణ్ని కానీ వాళ్లు మాట్లాడేది సగం అర్థమయ్యేది కాదు, ఆ పేపర్‌లోని చిన్న చిన్న వాక్యాలే నాకు దారి చూపించాయి. ముందు రోజు మ్యాచ్ గురించి ఒక్క మాట తెలిస్తే చాలు, ఆ టేబుల్ దగ్గర నాకూ ఒక కుర్చీ ఉన్నట్టే.

ఈ పేపర్లు చదివేవాళ్లని తెలివితక్కువ వాళ్లని, ఏది రాస్తే అది నమ్మేస్తారని చాలామంది అనుకుంటారు. నేను చూసింది అది కాదు. ఆ టేబుల్ దగ్గర ఒక్కరు కూడా ఆ పేపర్‌ని నమ్మడం నేను చూడలేదు, ‘ఇదంతా చెత్తే’ అంటూనే పేజీ తిప్పేవాళ్లు. నమ్మడానికి కాదు, తోడు కోసం చదువుతారు. మా ఊళ్లో నాన్న కూడా అంతే, మెయిన్ పేపర్ పక్కన పెట్టి ముందు జిల్లా టాబ్లాయిడే తీసేవాడు. ఎవరి పొలం గొడవ, ఏ మండలంలో యాక్సిడెంట్ అన్నది తెలియకపోతే టీ కొట్టు దగ్గర మాట కలవదు కదా.

కానీ నమ్మకపోవడం వల్ల ఒక నష్టం కూడా ఉందని నాకు లివర్‌పూల్ వచ్చాకే అర్థమైంది. ఎవరూ నమ్మరులే అనుకుంటే ఎవరి మీద ఏం రాసినా పేజీ తిప్పేస్తాం. న్యూస్ ఆఫ్ ది వరల్డ్ అనే ఇంకో టాబ్లాయిడ్ వాళ్లు సెలబ్రిటీల ఫోన్ మెసేజ్‌లు దొంగతనంగా వింటున్నారని ఏళ్ల తరబడి వార్తలు వచ్చినా జనం పెద్దగా పట్టించుకోలేదు. 2011 జులైలో, హత్యకు గురైన 13 ఏళ్ల అమ్మాయి ఫోన్ మెసేజ్‌లు కూడా విన్నారని బయటపడ్డాక దేశం ఒక్కసారిగా మండిపడింది. వారం తిరక్కుండానే 168 ఏళ్ల పేపర్ మూతపడింది. ఎందుకంటే ఆ అమ్మాయి ఎవరింట్లో కూతురైనా కావచ్చు. లివర్‌పూల్ కూడా అంతే, తన ఇంటి మీద పడిన అబద్ధాన్ని మర్చిపోలేదు.

మరి నా మీద రాసినప్పుడు? వలస వచ్చినవాళ్ల గురించి, వీసాల గురించి ఈ పేపర్లలో అక్షరాలు ఎంత పెద్దవో ఇక్కడున్న మనవాళ్లకి చెప్పక్కర్లేదు. అలాంటి హెడ్డింగ్ ఉన్న రోజున గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్ ఒకాయన నన్ను చూడగానే పేపర్‌ని లోపలికి మడిచేవాడు. ఒక్క మాట అనేవాడు కాదు. వాన పడితే షిఫ్ట్ అయ్యాక నన్ను తన కారులో ఇంటి దగ్గర దింపేవాడు. మరుసటి రోజు మళ్లీ అదే పేపర్ చదివేవాడు. ఆ మడతని నేను ఎన్నిసార్లు తల్చుకున్నానో. ఆయనకి సిగ్గనిపించింది, కానీ మానేయాలనిపించలేదు. నాకు ఆయన మీద కోపం లేదు, బాధ మాత్రం ఉంది.

ఇప్పుడు మా కేర్ హోమ్‌లో 84 ఏళ్ల పెద్దాయన ఒకాయన ఉన్నారు, ఒకప్పుడు ఓడరేవు డాక్స్‌లో పనిచేసినాయన. సన్ ముట్టుకోరు. రోజూ మిర్రర్ అనే ఇంకో టాబ్లాయిడ్ కావాలి. మిర్రర్ పేపర్ల వాళ్లు ప్రిన్స్ హ్యారీ ఫోన్ మెసేజ్‌లు విన్నారని 2023 డిసెంబర్‌లో హైకోర్టు తీర్పిచ్చింది కదా అని ఒకసారి అడిగాను.

‘‘తెలుసు నాన్నా, తప్పే,’’ అన్నారు. కాసేపాగి, ‘‘మా నాన్న చదివిన పేపర్ ఇది. ఇది కూడా లేకపోతే ఈ గదిలోకి పొద్దున్నే ఏం వస్తుంది చెప్పు?’’ అన్నారు.

నాకు జవాబు దొరకలేదు. ఆయన దగ్గరికి వారానికి ఒక్కసారి కూతురు వస్తుంది. మిగతా ఆరు రోజులూ వచ్చేది ఆ పేపరే, దాన్ని తెచ్చేది నేనో ఇంకొకరో.

ఈ మధ్య ఆయనకి కళ్లు సరిగా కనపడ్డం లేదు. మందులు ఇవ్వడం అయ్యాక పది నిమిషాలు పక్కన కూర్చుని నేనే చదువుతున్నాను. నిన్న మొదటి పేజీ మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టి, అది వద్దు, వెనక్కి తిప్పి హేడాక్ రేస్‌కోర్సులో ఇవాళ మూడో రేసుకి ఏయే గుర్రాలున్నాయో చదువు అన్నారు.