మా అత్త మాటను కాగితం మీదికి ఎక్కించడం: నా అనుభవం

దూరవిద్యలో తెలుగు ఎమ్మే చేస్తూ ప్రాజెక్టుకి నేను తీసుకున్న విషయం, మాట్లాడేటప్పుడు, రాసేటప్పుడు వాక్యాలు ఒకదానికొకటి ఎలా అతుక్కుంటాయన్నది. చదవడానికి తేలికే. భాషాశాస్త్రవేత్తలు హాలిడే, హసన్ 1976లో ఇంగ్లీషు గురించి ఐదు రకాల బంధాలు చెప్పారు: అది, ఇది, అతను లాంటి సూచనలు, ఒక మాట స్థానంలో ఇంకోటి పెట్టడం, తెలిసిందే కదా అని వదిలేయడం, కలిపే మాటలు, పదాల మధ్య చుట్టరికం. వీటిని తెలుగులో వెతకాలంటే నిజంగా ఎవరో మాట్లాడిన మాట కావాలి.

మా మేనత్తది ఉదయగిరి వైపు పల్లె. 1991 నాటి అక్షరదీపం అనే పెద్దల అక్షరాస్యత చదువులు, 1992లో దూబగుంట నుంచి నెల్లూరు జిల్లా అంతా పాకిన సారా వ్యతిరేక ఉద్యమం, రెండూ ఆమె చూసింది, వాళ్ల ఊళ్లో సారా కొట్టు ముందు కూర్చున్న ఆడవాళ్లలో ఆమె కూడా ఉంది. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి అడిగితే "ఏందబ్బాయ్, ఆ పాత సంగతులన్నీ ఇప్పుడెందుకు" అంటూనే చాలాసేపు చెప్పింది. వింటున్నప్పుడు ఎక్కడా తికమక లేదు. రాత్రి దాన్ని అక్షరం పొల్లుపోకుండా రాసుకుంటే ఇలా వచ్చింది:

"ఆయప్ప జీపు దిగినాడా, ఇది అడ్డం పోయింది, అదేమో ఒకటే అరుపు, తాడు తెంచుకునింది, ఇంకేముంది, అందరం లేచినాం."

ఎవరు అడ్డం పోయారు, ఎవరు అరిచారు? 'ఇది' పక్కింటి ఆవిడ, 'అది' కొట్టు పక్కన కట్టేసిన గేదె. అత్త చెప్పేటప్పుడు ఒకసారి పక్కింటి వైపు, ఒకసారి కొట్టం వైపు చెయ్యి చూపించింది, కాగితానికి చెయ్యి లేదు. పైగా మన క్రియ ఆడమనిషికీ గేదెకీ ఒకే ప్రత్యయం ఇస్తుంది, రెండూ 'అరిచింది'. మగవాడైతే 'అరిచాడు' అని దానంతటదే తేలిపోయేది. సారా ఉద్యమం మొత్తం ఆడవాళ్ల కథ కాబట్టి నాకు ప్రతి పేజీలో ఇదే తంటా, మా గైడు గారు మార్జిన్ నిండా ఎర్ర ఇంకుతో "ఎవరు?" అని రాసి పంపారు.

ఇంకో చిక్కు 'పోయి, కూర్చోని, తిట్టి' అనే గొలుసు. మామూలుగా ఇందులో పనులన్నీ ఒకరే చెయ్యాలి. 'వాన పడి చెరువు నిండింది' లాంటివి చెల్లుతాయి, అక్కడ ఒకటి రెండోదానికి కారణం. అత్త మాత్రం గొలుసు మధ్యలో మనిషిని మార్చేసేది, గొంతు మారేది కాబట్టి మనకి తెలిసిపోయేది. అలాంటి చోట గొలుసు తెంచి, కొత్త వాక్యం మొదట్లో మనిషిని పెట్టాను.

చాలామంది ఇలాంటప్పుడు 'కాబట్టి', 'అయితే', 'అందువల్ల' దట్టిస్తారు. నాకది నచ్చదు. 'కావలిలో రైలెక్కాను. అయితే రైలు పట్టాలు ఇనుముతో చేస్తారు. కాబట్టి ఇనుము తుప్పు పడుతుంది.' ప్రతి వాక్యం పక్కదానికి అతుక్కునే ఉంది, మొత్తంగా అర్థం సున్నా. దీనికి తిరగేసి, అత్త చెప్పిన సంభాషణ ఒకటి: "సారా కొట్టు తెరిచినారా?" "ఆడోళ్లు కూర్చోనుండారు." రెండింటి మధ్య కలిపే మాట ఒక్కటి లేదు, అయినా ఆ రోజుల్లో ఆ ఊళ్లో ఎవరికైనా జవాబు అర్థమవుతుంది. ఆ నేపథ్యం తెలియని పాఠకుడికి నేను ముందే ఒక పేరా ఇవ్వాలి, అంతే.

బాగా పనికొచ్చింది వాక్యంలో వరుస. అప్పటికే తెలిసిన సంగతి మొదట, కొత్త సంగతి క్రియకి ముందు. 'జీపుకి అడ్డం పోయింది పక్కింటామె' అని అత్త అన్నది బాగానే ఉంది, కానీ జీపు సంగతి ముందు వాక్యంలో వచ్చేసింది కాబట్టి 'ఆ జీపుకి పక్కింటామె అడ్డం పోయింది' అని రాస్తే చదువు ఆగకుండా సాగింది.

'ఇంకేముంది', 'సరేనా', 'మరేమో' లాంటివి ఊతపదాలని తీసెయ్యబోతుంటే ఒకటి గమనించాను: కథ మలుపు తిరిగే చోట తప్ప ఆమె 'ఇంకేముంది' అనలేదు. అందుకని ఆ మాట తీసేసిన ప్రతిచోటా కొత్త పేరా మొదలుపెట్టాను, చాలావరకు సరిగ్గా కుదిరింది.

వైవాలో ఒకాయన, ఇంత శుభ్రం చేశాక ఇది మీ అత్తగారి మాటేనా అని అడిగారు. కాదు, అందుకే అసలు మాటని అనుబంధంలో ఉన్నదున్నట్టు పెట్టి, ప్రతి 'ఇది', 'అది' పక్కన మనిషో గేదో రాశానని చెప్పాను. ఆయన ఆ పేజీలే ముందు చదివారు.