కత్తుల పనివాడి కొడుక్కి ఒక ఇల్లు

పారిస్ తూర్పు స్టేషన్‌లో పొద్దున్నే రైలెక్కాను. దాదాపు మూడు గంటల ప్రయాణం తర్వాత లాంగ్ర్ వచ్చింది. దిగి చూస్తే ఊరు లేదు. తలెత్తితే గుట్ట మీద కోటగోడ కనిపించింది. స్టేషన్ కింద, ఊరు పైన. బస్సు కోసం ఆగకుండా నడిచే ఎక్కాను. చలిగాలికి చెవులు తిమ్మిరెక్కాయి. ఊరి చుట్టూ మూడున్నర కిలోమీటర్ల గోడ నేటికీ నిలిచి ఉంది. దాని మీద కాసేపు నడిచాను గానీ, నేను వచ్చింది గోడ కోసం కాదు, ఫ్రెంచి తత్త్వవేత్త దిదెరో కోసం.

దెనీ దిదెరో 1713 అక్టోబర్ 5న ఈ ఊళ్ళోనే పుట్టాడు. మూడు వందల ఏళ్ళు నిండిన సందర్భంగా, 2013 అక్టోబర్‌లో, ఊరివాళ్ళు ఒక పాత భవంతిని బాగుచేయించి అందులో ఆయనకు శాశ్వత ప్రదర్శన ఏర్పాటు చేశారు. అది ఆయన పుట్టిన ఇల్లు కాదు. సగం పదహారో శతాబ్దంలో, సగం పద్దెనిమిదో శతాబ్దంలో కట్టిన పెద్దింటివాళ్ళ భవనం.

తత్త్వవేత్తకు మ్యూజియం అంటే ఏం పెడతారు? దారంతా నాకు ఇదే ఆలోచన. రాజుకైతే కిరీటం, కత్తి ఉంటాయి. ఆలోచనను అద్దాల పెట్టెలో ఎలా పెట్టడం? పైగా దిదెరో వస్తువులు మిగిలిందే తక్కువ. ఆయన డబ్బుకు ఇబ్బంది పడుతున్న రోజుల్లో, 1765లో, రష్యా రాణి కేథరీన్ ఆయన పుస్తకాలన్నీ కొనేసింది. బతికున్నంత కాలం వాటిని ఆయన దగ్గరే ఉంచి, వాటికి లైబ్రేరియన్‌గా జీతం కూడా ఇచ్చింది. 1784లో ఆయన పోయాక అవన్నీ పీటర్స్‌బర్గ్ చేరాయి. పారిస్‌లో సెయింట్ రోష్ చర్చిలో పూడ్చిన ఆయన ఎముకలకు కూడా ఇప్పుడు ఆనవాలు లేదు.

అందుకే ఇక్కడ మనిషి వస్తువుల కన్నా ఆయన తిరిగిన లోకాన్ని చూపించారు. ఊరు, చదువు, పారిస్, రష్యా ప్రయాణం, కళలు, శాస్త్రాలు అన్నీ దాటుకుంటూ, ఆయన సంపాదకుడిగా తెచ్చిన ఫ్రెంచి విజ్ఞాన సర్వస్వం దగ్గరికి వస్తాం. మొదటి గదులు నేను త్వరగానే చూసేశాను. కాళ్ళు ఆగింది ఈ చివర్లోనే.

1751లో మొదటి సంపుటం వచ్చింది. 1772 నాటికి పదిహేడు సంపుటాల రాత, పదకొండు సంపుటాల బొమ్మలు పూర్తయ్యాయి. మధ్యలో, 1759లో, ప్రభుత్వం అనుమతి రద్దు చేసింది. తోడుగా మొదలుపెట్టిన దలాంబేర్ అప్పటికే తప్పుకున్నాడు. దిదెరో మాత్రం చాటుగా పని సాగించాడు. మన కొమర్రాజు లక్ష్మణరావు గారు గుర్తొచ్చారు. తెలుగులో విజ్ఞాన సర్వస్వం తలపెట్టి, 'అ' అక్షరంతోనే మూడు సంపుటాలు తెచ్చి, 1923లో కన్నుమూశారు. ఇరవై ఏళ్ళకు పైగా ఒకే పని మీద నిలబడగలగడం ఎంత అరుదో అక్కడ నిలబడితే తెలుస్తుంది.

బొమ్మల పుటల్లో కత్తుల పనివాళ్ళది ఒకటుంది. పైన కార్ఖానా. ఒకతను పలక మీద బోర్లా పడుకుని, తిరిగే సానరాయికి కత్తి ఆనించి సానపడుతున్నాడు. కింద పనిముట్లు, దేనికది విడిగా, ఎంతో శ్రద్ధగా గీసి ఉన్నాయి. దిదెరో నాన్న దిదియే ఇదే పని చేసేవాడు. కత్తులతో పాటు వైద్యులు వాడే సన్నటి చాకులకు కూడా ఆయనకు మంచి పేరు. దిదెరో పెద్ద పేరు తెచ్చుకున్నాక కూడా, సొంత ఊరివాడొకడు ఆయన్ని ఆపి, నువ్వు మంచివాడివే గానీ మీ నాన్నంతటివాడివి మాత్రం కాలేవు అన్నాడట. ఆ సంగతి దిదెరోయే రాసుకున్నాడు. అలాంటి ఇంట్లో పుట్టినవాడు కాబట్టే వేదాంతం పక్కనే సమ్మెటకూ చోటిచ్చాడని నాకు గట్టిగా అనిపించింది.

మా తాత కమ్మరి. మా బడిలో ఏ పుస్తకంలోనూ కొలిమి బొమ్మ లేదు. తిత్తి, దాగలి, పట్టకారు అన్న మాటలు ఇంట్లో వినడమే తప్ప అచ్చులో నేను చూసింది చాలా ఆలస్యంగా. మా ఇంటి పని కూడా చదువే అని మాకెవరూ చెప్పలేదు. ఆ పుట ముందు కళ్ళు చెమర్చాయంటే అందుకే.

బయటికొచ్చాక చౌరస్తాలో దిదెరో విగ్రహం చూశాను. 1884లో పెట్టింది. చేసినవాడు బార్తోల్ది, అమెరికాకు స్వేచ్ఛామూర్తిని చేసిచ్చిన శిల్పి. దాని కింది మెట్ల మీద కూర్చుని, ఆ పుట ఫోటో నాన్నకు పంపి ఫోన్ చేశాను.

"ఏరా, ఇది ఆకురాయి కదా! ఆ పక్కది శానం," అన్నాడు నాన్న. ఒక్కొక్కటీ అడుగుతూ నోటుబుక్కులో రాసుకున్నాను. ఐదు పేర్లు చెప్పాడు. ఆరోదాని దగ్గర ఆగిపోయి, "దీన్ని తాత ఏమనేవాడో పెదనాన్నను అడుగుతాను, సాయంత్రం చెయ్యి," అన్నాడు. ఆ బొమ్మ పక్కన ఖాళీ వదిలి, పుస్తకం మూసి, స్టేషన్ వైపు దిగడం మొదలుపెట్టాను.