చీకటితో ముగిసే కీర్తన

నాన్న పోయాక మా ఇంట్లో ఆదరణ కూడిక పెట్టారు. వాకిట్లో షామియానా, అద్దె కుర్చీలు, బల్ల మీద దండ వేసిన ఫోటో. పాటలు, వాక్య ప్రసంగం అయ్యాక అమ్మని సాక్ష్యం, అంటే దేవుడు తన బతుకులో ఏం చేశాడో, చెప్పమన్నారు. అమ్మ లేచి నిలబడింది. చేతిలో బైబిలు, పేజీల మధ్య వేలు.

"రెండేళ్ళు డయాలసిస్ మీద ఉన్నారు. ఎన్ని ఉపవాస ప్రార్థనలు చేశామో మీ అందరికీ తెలుసు. దేవుడు ఎందుకిలా..." అంటుండగానే వెనక నుంచి ఎవరో "స్తోత్రం చెప్పండమ్మా, స్తోత్రం" అన్నారు. ఇంకెవరో పాట ఎత్తుకున్నారు. డోలక్ అందుకుంది. అమ్మ వేలు తీసేసి, బైబిలు మూసి కూర్చుంది.

మా సహవాసంలో, అంటే మా సంఘంలో, సాక్ష్యానికి ఒక వరస ఉండేది. ముందు కష్టం, తర్వాత ప్రార్థన, ఆఖర్న జయం. చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాను కాబట్టి ఎక్కడ చప్పట్లు కొట్టాలో నాకూ తెలుసు. జయం ఇంకా రానివాళ్ళు వచ్చేదాకా ఆగాలి. అసలు రానివాళ్ళు ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. నాన్న చివరి రోజుల్లో ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, "ఇంట్లో ఒప్పుకోని పాపం ఏమన్నా ఉందేమో చూసుకో బాబూ" అన్నారు. కోపంగా అనలేదు, నిజంగా మా మంచి కోరే అన్నారు. అందుకే అది ఇంకా గుచ్చుకుంటుంది.

వాళ్ళ గురించి చెడ్డగా రాసి చేతులు దులుపుకోలేను. ఆసుపత్రి వరండాలో వంతులేసుకుని పడుకున్నది వాళ్ళే. క్యారేజీలు మోసింది వాళ్ళే. బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబు స్నేహితులూ అంతే కదా. కబురు విని వచ్చి, ఏడు పగళ్ళు ఏడు రాత్రులు నోరు మెదపకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారు. అంత మంచి స్నేహితులు దొరకడం కష్టం. చెడిందంతా వాళ్ళు దేవుడి తరఫున మాట్లాడటం మొదలుపెట్టాకే. గ్రంథం చివర దేవుడు కోప్పడింది అరిచి గోల చేసిన యోబు మీద కాదు, తనను వెనకేసుకొచ్చిన ఈ స్నేహితుల మీద: నా సేవకుడైన యోబు పలికినట్లు మీరు నన్నుగూర్చి యుక్తమైనది పలకలేదు, అని.

ఆ కూడిక తర్వాత నేను సంఘానికి వెళ్ళడం మానేశాను. ఏ సంఘానికీ వెళ్ళలేదు. దేవుడు లేడనిపించి కాదు. ఉన్నాడు, ఆయనతోనే పేచీ. ఆ పేచీని తీసుకెళ్ళడానికి చోటు లేదంతే.

మూడేళ్ళకు ఒక శుభ శుక్రవారం (గుడ్ ఫ్రైడే) నాడు స్నేహితుడి వెంట ఒక సీఎస్సై (దక్షిణ ఇండియా సంఘం) గుడికి వెళ్ళాను. మావాళ్ళు వీళ్ళని 'నామకార్థ క్రైస్తవులు' అంటారు. పుస్తకం చూసి ప్రార్థన చేసేవాళ్ళకు ఆత్మ ఎక్కడుంటుందని నవ్వుకునేవాళ్ళం. మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలు, ఒక్కొక్కరు ఒక్కో మాట. నాలుగో మాట ఒక రిటైర్డ్ టీచరమ్మకు వచ్చింది. (మా దగ్గర స్త్రీలు సాక్ష్యం చెప్పొచ్చు, వాక్యం చెప్పకూడదు. వీళ్ళు మన నంద్యాలలోనే 2013లో ఒక స్త్రీని బిషప్‌గా అభిషేకించారు.) "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యివిడిచితివి." ఈ మాట దగ్గర మా ప్రసంగీకులు ఆగరు. ఇది బైబిలు కీర్తనల గ్రంథంలో 22వ కీర్తన మొదటి వచనం, ఆ కీర్తన చివర స్తుతి ఉంది, కాబట్టి ఇది నిజానికి జయధ్వని అంటారు. ఆవిడ అలా అనలేదు. "అడిగింది కుమారుడు. ఆ మూడు గంటల్లో పైనుంచి జవాబు రాలేదు" అంది. కాసేపు నిలబడి, వెళ్ళి కూర్చుంది.

బయటికొస్తూ ఆ గుడి పాస్టరు అయ్యగారితో రెండు మాటలు మాట్లాడాను. ఇంటికెళ్ళి 88వ కీర్తన చదవమన్నారు. ఇంగ్లండు సంఘం 1662 నాటి ప్రార్థన పుస్తకంలో శుభ శుక్రవారం సాయంత్రానికి పెట్టిన రెండు కీర్తనల్లో అదొకటట. కథోలికుల ప్రార్థన క్రమంలో ప్రతి శుక్రవారం రాత్రి పడుకోబోయే ముందు చదివేదీ అదేనన్నారు.

ఆ రాత్రి చదివాను. పద్దెనిమిది వచనాలు. మొదట్లో ఒక్కసారి కీర్తనకారుడు దేవుణ్ణి రక్షణకర్త అంటాడు, ఇక అక్కడి నుంచి అంతా గుంట, అగాధం, కెరటాలు, చీకటి. పొద్దున్నే నీకు మొరపెడుతున్నాను, నీ ముఖం ఎందుకు చాటేస్తున్నావంటాడు. మిగతా విలాప కీర్తనలు చాలావరకు ఎక్కడో ఒకచోట మలుపు తిరుగుతాయి. పదమూడోది చూడండి, ఎన్నాళ్ళు, ఎన్నాళ్ళని మొదలై ఆరు వచనాల్లోనే పాటలోకి వచ్చేస్తుంది. ఇది రాదు. హెబ్రీలో దీని ఆఖరి మాటే 'చీకటి'. మన తెలుగు బైబిల్లో ఆ చివరి పాదం ఇలా ఉంది: "చీకటియే నాకు బంధువర్గమాయెను." బంధువర్గం అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. చావింటికి వచ్చేదెవరు? బంధువర్గమే. వచ్చి, చాప పరుచుకుని, చెప్పకుండా ఉండిపోయేదీ వాళ్ళే.

ఈ కీర్తన పై వరసలో కోరహు కుమారుల కీర్తన అని ఉంటుంది. కోరహు ఇశ్రాయేలీయుల నాయకుడు మోషే మీద తిరగబడితే భూమి నోరు తెరిచి మింగిన కథ సంఖ్యాకాండం 16లో ఉంది. పది అధ్యాయాల తర్వాత చిన్న వాక్యం: కోరహు కుమారులు చావలేదు. పూర్వీకుణ్ణి నేల మింగిన ఇంటివాళ్ళు దేవాలయంలో గాయకులై, గుంట గురించి పాడుతున్నారు. వాళ్ళను ఎవరూ ఆపలేదు. ఆ పాటకు చివర ఒక హల్లెలూయ అతికించాలని ఏ లేఖకుడూ అనుకోలేదు. అనుకుని ఉంటే సులువే, ఒక్క పాదం చాలు.

ఇప్పుడు ఆ గుడికే వెళ్తున్నాను. అక్కడంతా బాగుందని కాదు. కమిటీ ఎన్నికలొస్తే మనుషులు మారిపోతారు, కులం గుమ్మం బయట చెప్పుల దగ్గర ఆగదు. కానీ నాకు మాట రాని రోజున ఎవరో ఎప్పుడో రాసిన ప్రార్థన పుస్తకంలో ఉంటుంది. అది చదివితే సరిపోతుంది, నా వంతుకు జయం చూపించమని ఎవరూ అడగరు.

అమ్మ మాత్రం పాత సంఘం వదల్లేదు. మొన్న సెలవులకు వెళ్ళినప్పుడు, అమ్మకు ఏదో కొత్త సంగతి చెప్తున్నట్టు 88వ కీర్తన గురించి మొదలుపెట్టాను. బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తలెత్తకుండానే "చీకటియే నాకు బంధువర్గమాయెను" అంది.

"నీకెలా తెలుసు?"

"ఆ రోజు చదవబోయింది అదే నాన్నా. చదవనిచ్చారా?"

చేట పక్కన పెట్టి, రేపు ఆరాధనకు కట్టుకునే తెల్లచీర ఇస్త్రీ చేయించుకురమ్మని నా చేతికిచ్చింది.