శాన్ ఫ్రాన్సిస్కోలో నాలుగో నంబర్ చానల్

కేబుల్ తీసేసి యాంటెన్నా పెట్టాక, ఊరికే చానళ్లు తిప్పుతూ నాలుగో నంబర్‌లో వచ్చే క్రాన్ (KRON) అనే స్థానిక స్టేషన్ దగ్గర ఆగాను. దీని కథ ఆఫీసులో ఒక సీనియర్ చెప్తే నోరెళ్లబెట్టాను. 1949లో మొదలైనప్పటి నుంచి ఎన్‌బీసీ అనుబంధ స్టేషన్, అంటే ఎన్‌బీసీ అనే జాతీయ టీవీ నెట్‌వర్క్ కార్యక్రమాలను ఇక్కడ ప్రసారం చేసేది. ఓనర్లు క్రానికల్ పత్రిక వాళ్లు. అమ్మకానికి పెడితే ఎన్‌బీసీయే కొనాలని చూసింది. కానీ యంగ్ బ్రాడ్‌కాస్టింగ్ అనే కంపెనీ 80 కోట్ల డాలర్లు దాటించి ఎగరేసుకుపోయింది. తర్వాత ఎన్‌బీసీ పెట్టిన షరతులకు యంగ్ ఒప్పుకోలేదు. 2002 జనవరి 1న ఎన్‌బీసీ కార్యక్రమాలన్నీ శాన్ హోజే స్టేషన్ కేఎన్‌టీవీకి వెళ్లిపోయాయి. అంత డబ్బు పోసి కొన్నది ఖాళీ స్లాట్లన్నమాట! 2009లో యంగ్ దివాలా కోర్టుకెక్కింది.

ఇప్పుడు ఓనరు నెక్‌స్టార్ అనే టీవీ స్టేషన్ల కంపెనీ. 2023 నుంచి సీడబ్ల్యూ అనే మరో జాతీయ నెట్‌వర్క్ కార్యక్రమాలు వస్తున్నాయి, ఆ నెట్‌వర్క్‌లోనూ పెద్ద వాటా నెక్‌స్టార్‌దే. నేను మాత్రం పొద్దున్నే ట్రాఫిక్ వార్తల కోసమే పెడతాను.